మూడో కొటేషన్

పద్మలత ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసులో వాళ్లు మాట్లాడేది సగం అర్థమయ్యేది కాదు. కరీంనగర్‌లో ఒక విత్తనాల కంపెనీ ఏరియా ఆఫీసు అది. ఏడాది పొడుగునా ఏదో ఒక మీటింగు నడుస్తూనే ఉండేది. విత్తనాలమ్మే డీలర్లకు ఒకటి, రైతులకు ఒకటి, ఊళ్లు తిరిగే స్టాఫు ట్రైనింగుకు ఒకటి. ఏ ఊళ్లో మీటింగైతే ఆ ఊళ్లో హాలు వెతకడం, ధర మాట్లాడటం, కుర్చీల నుంచి మైకు దాకా, టీ నుంచి భోజనం దాకా కుదిర్చి పెట్టడం ఆమె పని. సిరిసిల్లలో పవర్‌లూమ్ నడిపే వెంకటి కూతురికి పనంటే భయం లేదు. మాటలంటేనే భయం. "వెన్యూ షార్ట్‌లిస్ట్ అయిందా? హోల్డ్ పెట్టావా? మినిమం గ్యారంటీ ఎంతంటున్నారు?" అని హైదరాబాద్ నుంచి మేనేజర్ మమతారాణి గుక్క తిప్పుకోకుండా అడుగుతుంటే, "చూసి చెప్తా మేడమ్" అని ఫోన్ పెట్టేసి బిక్కమొహం వేసుకుని కూర్చునేది.

పక్క సీటు వాళ్లను అడగడానికి నామోషీ. అందుకని ఒక నోట్‌బుక్ కొనుక్కుంది. విన్న ప్రతి మాటా అందులో రాసుకుని, ఎలాగో దాని అర్థం పట్టుకుని, ఎదురుగా తెలుగులో రాసేది. సైట్ విజిట్ అంటే హాలు కళ్లారా చూసి రావడం. మినిమం గ్యారంటీ అంటే మంది వచ్చినా రాకున్నా ఇన్ని ప్లేట్లకు కట్టి తీరాల్సిందే. ఫోర్స్ మజ్యూర్ అంటే వానో వరదో కర్ఫ్యూనో వచ్చి మీటింగు ఆగిపోతే ఎవరి తప్పూ కాదని ముందే రాసుకోవడం. హోల్డ్ అంటే ఫలానా తేదీని మన కోసం ఆపి పెట్టమని హాలు వాళ్లకు చెప్పడం. దానికి పైసా కట్టనక్కర లేదు, వద్దనుకుంటే వదిలేయొచ్చు. వదలడాన్ని రిలీజ్ అంటారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ నోట్‌బుక్ ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లందరి చేతుల్లో తిరిగింది. "పద్మక్క డిక్షనరీ" అని దానికి పేరు కూడా పెట్టారు.

ఒక్క సంగతి మాత్రం అందులో రాసి లేదు. కంపెనీ రూలు ప్రకారం ఏ మీటింగుకైనా మూడు హాళ్ల నుంచి కొటేషన్లు తెప్పించాలి. మూడింటినీ మూడు గళ్లలో పక్కపక్కన వేసి, ఏది ఎందుకు వద్దనుకున్నామో చివరి గడిలో కారణం రాసి, పైకి పంపాలి. దాన్ని కంపారిటివ్ అంటారు. కానీ హాలు ఏదన్నది చాలాసార్లు ముందే తేలిపోయి ఉంటుంది. మిగతా రెండు గళ్లు నింపడానికి ఎవరినో ఇద్దరిని అడగాలి. రెండో కొటేషన్ కాస్తో కూస్తో పోటీకి పనికొస్తుంది. మూడోది ఉత్త కాగితం కోసం. ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పరు. ఆఫీసు గాలికే అబ్బుతుంది. పద్మలతకూ అబ్బింది.

ఆదిలాబాద్‌లో ఆమె మూడో గడిలో పడ్డవాడు భూమన్న.

భూమన్న ముప్పై ఏళ్లు పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో హమాలీ. చివర్లో హమాలీల మేస్త్రీ అయ్యాడు. మిల్లు మూతపడ్డాక, వెనకనున్న గోదామును తీసుకుని, గోడలకు సున్నం వేయించి, ఒక పక్క వేదిక కట్టించి, ఫంక్షన్ హాలు చేశాడు. భార్య అనసూర్య వంటలు చూసుకునేది. పెద్ద పెద్ద పెండ్లిళ్లు ఆ హాలు గడప తొక్కేవి కావు. మిల్లు కూలీల ఇళ్లలో శుభకార్యాలు, పుట్టువెంట్రుకలు, కులసంఘాల మీటింగులు, అంతే. ఎత్తైన రేకుల కప్పు, ఇనప దూలాలు. ఎన్నిసార్లు దులిపించినా దూలాల సందుల్లో దూది ఇంకా మిగిలే ఉండేది. ఫ్యాన్లు వేస్తే ఒకటీ అరా పింజ తేలుకుంటూ కిందికి దిగేది.

పద్మలత మొదటిసారి అక్కడికి పోయింది ఒక ఫిబ్రవరిలో. ఏటా వానాకాలం పంటకు ముందు, మే నెలలో, ఆ చుట్టుపక్కల పత్తి విత్తనాల డీలర్లందరినీ పిలిచి కంపెనీ పెద్ద మీటింగు పెడుతుంది. అది హైవే పక్క హోటల్లో, ఏసీ హాల్లోనే జరుగుతుందని ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా పద్మలత ఆ రోజు గోదాము హాలుకు పోయింది, ఫొటోలు తీసింది, టేపు పట్టి కొలవబోయింది.

తెల్లారకముందే కరీంనగర్‌లో బస్సెక్కి వచ్చిన మనిషి. ఆ ముఖం చూసి అనసూర్య టేపు పక్కన పెట్టించింది.

"హాలు యాడికి పోదు బిడ్డా. ముందుగాల తిను. రుచి చూసుడు గూడ మీ పనే గదా" అంది.

రుచి చూడటం అంటే హోటళ్లలో చిన్న చిన్న గిన్నెలు, చిన్న చిన్న స్పూన్లు. ఇక్కడ జొన్నరొట్టెలు, శనగపిండి పిట్ల, బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు. వద్దంటున్నా మారు వడ్డన. పద్మలత కడుపు నిండా తిన్నది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని సామెత. చెయ్యి కడుక్కుని లేచి ఆమె నిజంగానే ఆ హాలు దూలాలు లెక్కపెట్టింది. ఫారంలో కప్పు వివరాలు అడిగే గడి ఉంది మరి.

తిరిగొచ్చి కంపారిటివ్‌లో భూమన్న హాలు పక్కన కారణం రాసింది: 'పవర్ బ్యాకప్ లేదు.' కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేశాడు.

"మేడమ్, మాకు రాకపాయె. రాకుంటె రాకపాయె గని, యాడ తక్కువైనమో చెప్తె తెలుసుకుంటం."

"జనరేటర్ లేదు కదా కాకా. మీటింగు నడుమల కరెంటు పోతె పరేషాన్ అయితది."

"గదొక్కటేనా?"

"గదొక్కటే."

అది అబద్ధమని ఎవరూ అనలేరు. జనరేటర్ లేని మాట నిజమే. అదొక్కటే అనడమే అబద్ధం.

మరుసటి ఏడు పోయేసరికి హాలు వెనక రేకుల షెడ్డు కింద ఒక పాత జనరేటర్ ఉంది. భూమన్న స్వయంగా దాన్ని నడిపి చూపించాడు. అది పెద్ద చప్పుడు చేసుకుంటూ లేచింది, ఫ్యాన్లు తిరిగాయి, ఆయన ముఖం వెలిగింది. పద్మలత భోజనం చేసి, కొటేషన్ తీసుకుని వచ్చింది. ఈసారి ఏం రాయాలా అని కాసేపు ఆలోచించి, 'ఆడవారికి వేరుగా బాత్‌రూములు లేవు' అని రాసింది. మూడో ఏటికి బాత్‌రూములు కట్టి ఉన్నాయి, టైల్స్ వేసి. ఆ ఏడు 'పార్కింగు మట్టినేల, వాన పడితే బురద' అని రాసింది. నాలుగో ఏటికి ఆ నేలంతా గ్రానైటు బండల పొడి పోయించి, రోలర్ తిప్పించి, చదును చేయించి ఉంది. మధ్యలో ఎప్పుడో మేడమ్ అనడం పోయి బిడ్డా అనడం మొదలైంది. వచ్చేటప్పుడు అనసూర్య పచ్చడి సీసా సంచిలో పెట్టడం కూడా అలవాటైంది.

నాలుగో ఏడు భూమన్న హాలు మధ్యలో నిలబడి, చుట్టూ చెయ్యి తిప్పి అడిగాడు. "ఇగ చెప్పు బిడ్డా. ఇంకేం తక్కువున్నది?"

ఆమె చూసింది. ఏదైనా దొరుకుతుందేమోనని నిజంగానే చూసింది. తప్పు వెతుకుతున్నానన్న సంగతి తనకే తెలిసొచ్చి ముఖం తిప్పుకుంది.

"ఏం లేదు కాకా. మంచిగున్నది."

ఆ ఏడు హోటలు వాళ్లు ధర దగ్గర బిగుసుకున్నారు. మమతారాణి ఫోన్‌లో, "వాళ్లు దిగేదాకా ఇంకొకటి హోల్డ్‌లో పెట్టు. ఆ గోదాము ఉంది కదా" అంది. పద్మలత ఆ హాల్లోనే నిలబడి భూమన్నతో, "మే పదహారు మా కోసం ఆపి పెట్టు కాకా" అంది.

భూమన్న మొలలో ఉన్న చిన్న క్యాలెండరు తీసి ఆ తేదీ చుట్టూ సున్న చుట్టాడు. "ఆపినమంటె ఆపినమే. మాట మాటే" అన్నాడు. లోపలి నుంచి అనసూర్య, "ఏమాయె? వచ్చిందా మనకు?" అని గట్టిగా అడిగింది. ఆయన పద్మలత వైపు చూసి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

మార్చి నెలాఖరుకు హోటలు దిగొచ్చింది. భూమన్న ధర చూపించే దింపారు. అగ్రిమెంటు మీద సంతకాలయ్యాయి. ఇక భూమన్నకు ఫోన్ చేసి తేదీ వదిలేయమని చెప్పాలి. రెండు నిమిషాల పని. పద్మలత రేపు చేద్దామనుకుంది. ఆ రేపు జగిత్యాల మీటింగు వచ్చి పడింది. ఆ తరువాతి రేపు పెద్దపల్లిది. పైగా ఫోన్ చేస్తే, 'ఈసారి కారణమేంటి?' అని ఆయన అడుగుతాడు. చెప్పడానికి కారణం లేదు. అందుకే రేపు ఎప్పటికీ రాలేదు.

ఏప్రిల్ నడుమ భూమన్నే ఫోన్ చేశాడు. పద్మలత అప్పుడు బస్సులో నిలబడి ఉంది.

"బిడ్డా, గా పదహారు తారీఖు వేరేటోళ్లు అడుగుతున్నరు. మనది పక్కానే గదా?"

అప్పటికి హోటలు అగ్రిమెంటు అయిపోయి ఇరవై రోజులు. ఆ ఒక్క క్షణం చాలు, మాది అయిపోయింది కాకా, వాళ్లకిచ్చేయి అనడానికి. ఆమె నోటి నుంచి వచ్చింది వేరు.

"ఉండనీ కాకా. ఇంకా ఫైనల్ కాలే. చెప్త."

"సరే బిడ్డా. నువ్వన్నంక అంతే."

మే పదమూడున, పద్నాలుగున ఆయన నంబరు నుంచి ఫోన్లు వచ్చాయి. పద్మలత హోటల్లో వేదిక, ఫ్లెక్సీల పనిలో ఉండి ఎత్తలేదు. ఎత్తకపోవడానికి పని ఒక సాకు. పదహారో తారీఖు పొద్దున ఎనిమిదింటికి, డీలర్లు ఒక్కొక్కరే వస్తుండగా, మళ్లీ మోగింది. ఈసారి ఎత్తింది.

"బిడ్డా, ఎంతమంది లెక్కన ఎసరు పెట్టమంటవ్? వంటోళ్లు పొద్దుగాల్నే వచ్చి కూసున్నరు. నువ్వు ఫోను ఎత్తుతలేవని మీ చిన్నమ్మ ఒకటే ఫికర్ చేస్తుంది."

ఎదురుగా కంపెనీ వాళ్లు దండలు సర్దుతున్నారు. మైకులో హలో హలో అంటున్నారు. ఆ చప్పుడు అవతలికి వినబడకుండా ఫోనును అరచేత్తో మూసుకుని గేటు దాకా నడిచింది.

"కాకా... మీటింగు క్యాన్సల్ అయింది. పై ఆఫీసు నుంచి ఆర్డరొచ్చింది. నాకు గూడ ఇప్పుడే తెలిసింది."

భూమన్న అన్న మాట ఆమె ఆ తరువాత ఏడాది పాటు మరిచిపోలేకపోయింది.

"అయ్యో. అంత కష్టపడ్డవ్ గద బిడ్డా, వట్టిగ పాయెనా! నువ్వు యాడున్నవ్ ఇప్పుడు?"

"బస్టాండ్ల. కరీంనగర్ బస్సెక్కుతున్న."

"తిన్నవా? ఉండు ఉండు, ఎక్కకు. అన్నం తెస్త."

"వద్దు కాకా, బస్సు కదులుతుంది" అని పెట్టేసింది.

ముప్పావు గంట తరువాత, గేటు దగ్గర నిలబడి డీలర్లకు దారి చూపిస్తుంటే, రోడ్డు మీద పాత టీవీఎస్ బండి మీద భూమన్న వస్తూ కనిపించాడు. హ్యాండిలుకు స్టీలు టిఫిన్ క్యారియర్ వేలాడుతోంది. బస్టాండు వైపు నుంచే వస్తున్నాడు. పద్మలత ఆలోచించలేదు. పక్కన నిలబెట్టి ఉన్న నిలువెత్తు ఫ్లెక్సీ వెనక్కి ఒక్క అంగలో పోయి నక్కింది. బండి చప్పుడు దగ్గరికి రావడం, కాస్త నెమ్మదించడం, మళ్లీ వేగం అందుకుని దూరమవడం విన్నది. ఆయన చూశాడో లేదో తెలియలేదు.

మీటింగు బాగా జరిగింది. మమతారాణి మెచ్చుకుంటూ మెసేజి పంపింది. మధ్యాహ్నం హోటలు భోజనం ముందు కూర్చుని పద్మలత రెండు ముద్దలు మింగలేక లేచిపోయింది.

ఆ ఏడాదంతా తేలు కుట్టిన దొంగలా తిరిగింది. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఆఫీసులో నవ్వుతారు. హాలు వాడికి అబద్ధం చెప్పానని ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటారా? భూమన్న మళ్లీ ఫోన్ చేయలేదు. ఆయన ఒక్క మాట అడిగినా, తిట్టినా బాగుండేది.

బతుకమ్మకు సిరిసిల్ల పోయినప్పుడు తండ్రి వెంకటి వాకిట్లో ఉత్తచేతులతో కూర్చుని ఉన్నాడు. మగ్గానికి ఎక్కించే నూలు చుట్ట, వాళ్లు బీము అంటారు, నూలిచ్చే సేటు ఇంకా పంపలేదు. "పనికి పోలేదా బాపూ?" అని అడిగింది.

"రేపు బీము వస్తది, యాడికి పోకు అన్నడు సేటు. నాలుగు దినాలాయె. ఇంకో కాడ పని ఉన్నదంటె పోకపోతి. వచ్చినంక నేను లేకుంటె బాగుండదు గద" అన్నాడు వెంకటి. ఆయన గొంతులో కోపం కూడా లేదు. చిన్నప్పటి నుంచి ఆ మాట ఆ వాకిట్లో ఎన్నిసార్లు విన్నదో పద్మలతకు లెక్క లేదు. అలాంటి రోజుల్లో ఇంట్లో కూర ఉండేది కాదన్న సంగతి కూడా ఆమెకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ ఆ సేటును తిట్టుకునేది. ఈసారి తిట్టడానికి నోరు రాలేదు. లోపలికి పోయి తల్లి పక్కన కూర్చుని పూలు తెంపడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి వచ్చింది. ఆదిలాబాద్ మీటింగుకు మూడు కొటేషన్లు కావాలని మమతారాణి మెయిలు పెట్టింది. పద్మలత భూమన్న నంబరు తీసింది. నొక్కలేకపోయింది. ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా, జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ పోయే బస్సెక్కింది.

అనసూర్య హాలు మెట్ల మీద కూర్చుని కందులు చెరుగుతోంది. పద్మలతను చూసి చేట ఆపలేదు.

"వచ్చినవా? టేపు తెచ్చుకున్నవా?"

"లేదు చిన్నమ్మా. మీతోని మాట్లాడాలె."

భూమన్న లోపలి నుంచి వచ్చి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది.

"కాకా, పోయినేడు మీటింగు క్యాన్సల్ కాలే. హోటల్ల అయింది. నీకు అబద్ధం చెప్పిన."

"ఎరుకే" అన్నాడు భూమన్న.

"ఎట్లెరుక?"

"బస్టాండుకు పోతి. కరీంనగర్ బస్సు అప్పటికి ఇంక రానే లేదన్నరు. తిరిగొస్తుంటె హోటల్ ముంగట మీ కంపెనీ ఫ్లెక్సీ. దాని కింద ఆకుపచ్చ చీర అంచు, నీ చెప్పులు."

"మరి ఎందుకు ఆగలే కాకా? అడగకపోతివి?"

"అంతమంది ముంగట ఆగి పిలిస్తె నీకు మొఖం యాడ పెట్టుకోవాలె బిడ్డా? అందుకే పోయిన."

ఆమె ఏడుస్తుందని అనసూర్య చేట కింద పెట్టింది. కానీ పద్మలత ఏడవలేదు. అసలు మాట ఇంకా మిగిలే ఉంది.

"అదొక్కటే కాదు. నాలుగేండ్లూ మీ హాలు తీసుకోవాలని రాలే. మా రూలుకు మూడు హాళ్ల ధరలు కావాలె. హోటలు ముందే ఖాయం. మూడో కాగితం కోసం మీ దగ్గరికి వచ్చిన."

ఇది మాత్రం భూమన్నకు తెలియదు. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత షెడ్డు వైపు చూశాడు.

"మరి జనరేటరు?"

"ఏదో ఒక కారణం రాయాలె కాకా. గడి నింపటానికి రాసిన."

"బాత్‌రూములు?"

ఆమె తల వంచుకుంది. బయట మిల్లు కాలనీ వైపు నుంచి ఎవరో మరాఠీలో కూరగాయలమ్ముకుంటూ పోయారు.

అనసూర్యే అందుకుంది. "అవన్నీ పోనీ. బాత్‌రూములు మంచికే కట్టినం, వచ్చిన ఆడోళ్లు సంబురపడుతున్నరు. సిద్దిరాములు సంగతేంది? అది చెప్పు."

"సిద్దిరాములెవరు?"

సిద్దిరాములు భూమన్నతో ముప్పై ఏళ్లు పత్తి బోరాలు, అంటే బస్తాలు, మోసిన మనిషి. ఒకరి వీపు మీదికి ఒకరు బోరెం ఎత్తినవాళ్లు. ఏప్రిల్‌లో ఆ పదహారో తారీఖు అడిగింది ఆయనే, తన చిన్నబిడ్డ పెండ్లికి. ముహూర్తం అదొక్కటే కుదిరింది. భూమన్న ఇయ్యలేనన్నాడు. వేరే హాలు పట్టే స్తోమతు సిద్దిరాములుకు లేదు. పెండ్లి మగపెండ్లివాళ్ల ఊళ్లో, కిన్వట్ దగ్గర, వాళ్ల వాకిట్లో చేయాల్సి వచ్చింది. కంపెనీవాళ్లు ఎక్కువిస్తారని దోస్తును కాదన్నాడని సిద్దిరాములు మనసులో పడింది. అప్పటి నుంచి ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతున్నాడు.

"మాట ఇచ్చిన, తప్పలేనంటె నమ్మలే. నాది నమ్మే మాట కాదన్నడు" అన్నాడు భూమన్న.

పద్మలత తొందరతొందరగా అంది: "కాకా, ఆగస్టుల మా స్టాఫు ట్రైనింగున్నది, తొంబై మంది. రెండు దినాలు. అది మీ హాల్లనే పెట్టిస్త. నేను మా మేడమ్‌తోని కొట్లాడైనా..."

"వద్దు" అన్నాడు భూమన్న. "నీ మనసు నిమ్మళం కావటానికి ఇచ్చే మీటింగు నాకొద్దు బిడ్డా. హాలు నచ్చి వస్తె వేరే ముచ్చట. నువ్వు ఏమన్న చేస్తనంటె ఒక్కటి చెయ్యి. సిద్దిరాములు ఇంటికి పో. ఇప్పుడు నాకు చెప్పినట్టే ఆయనకు చెప్పు."

సిద్దిరాములు ఇల్లు రెండు సందుల అవతల. పద్మలత ఆ రెండు సందులూ నడుస్తూ ఏం చెప్పాలో కూర్చుకుంది. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని బీడీ చుట్టుకుంటున్నాడు. కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"మీ కంపెనీతోని నాకేం పని?"

"పోయినేడు మే పదహారు ముచ్చట చెప్దామని వచ్చిన. భూమన్న కాక మిమ్మల్ని కాదన్నది పైసల కోసం కాదు. మేము ఆ తారీఖు హోల్డ్ పెట్టినం..."

"ఏం పెట్టిన్రు?"

పద్మలత ఆగిపోయింది. వందసార్లు కొత్తవాళ్లకు విడమరిచి చెప్పిన మాట అది. ఇక్కడ దాన్ని తెలుగులో చెప్తుంటే నోటిలో మట్టి పడ్డట్టు అనిపించింది.

"ఆపి పెట్టుమన్న. తీసుకుంటమో తీసుకోమో తెల్వకుంటనే ఆపి పెట్టుమన్న. కాక మాటిచ్చిండు. తరువాత మేము హోటలు మాట్లాడుకున్నం. ఆయనకు చెప్పలే. మీరు అడిగినప్పుడు కాక నాకు ఫోన్ చేసిండు, పక్కానేనా అని. అప్పటికే మాకు ఆ హాలు అక్కరలేదు. అయినా ఉండనీ అన్న. తప్పు నాది. ఆయనది కాదు."

సిద్దిరాములు బీడీ పక్కన పెట్టాడు.

"అంటే గా దినం హాలు ఖాళీగనే ఉండెనా?" అన్నాడు.

"ఖాళీగనే ఉండె."

"తాళమేసి?"

"వంటోళ్లు వచ్చి కూసున్నరట. మా కోసం. ఎవరూ రాలే."

ఆయన మంచం మీది నవారును వేలితో గీకుతూ కూర్చున్నాడు. "మా పిల్ల పెండ్లికి మేము బయటి మంది లెక్క పోయినం. వాళ్లు వడ్డించినంక తిన్నం. వాళ్లు కూసోమన్న కాడ కూసున్నం. ఆడపిల్ల తండ్రిని, ఒక్కరిని 'అన్నం తిన్నవా' అని అడిగే అధికారం నాకు లేకపాయె. గీడ హాలు ఖాళీగ..." అని ఆగిపోయాడు.

పద్మలత చేతులు జోడించింది. క్షమించమని అడగాలనుకుంది గానీ, అడిగితే ఆయన మీద ఇంకో బరువు వేసినట్టవుతుందనిపించి ఊరుకుంది.

"నువ్వు పో బిడ్డా. విన్న. ఇగ పో" అన్నాడు సిద్దిరాములు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇస్తే ఆమె తాగగలిగేదీ కాదు.

సోమవారం పొద్దున పద్మలత మమతారాణికి ఫోన్ చేసి, ఆదిలాబాద్ కంపారిటివ్‌లో భూమన్న హాలు పేరు పెట్టనని చెప్పింది. ఎందుకని మమతారాణి అడిగింది. పద్మలత జరిగిందంతా చెప్పింది. "ఇవన్నీ మనసుకు పట్టించుకుంటే ఈ పని చేయలేవు పద్మా. మూడోది ఇంకొకరిని చూడు" అంది. ఆ గొంతులో కాఠిన్యం లేదు. అలసట ఉంది. ఆమె ఎన్ని మూడో గళ్లు నింపి ఆ కుర్చీ దాకా వచ్చిందో అని పద్మలతకు మొదటిసారి అనిపించింది.

ఉద్యోగం మానలేదు. మానే స్థితి కాదు వాళ్ల ఇల్లు. కానీ ఆ తరువాత ఏ ఊరి హాలు వాళ్లకు ఫోన్ చేసినా, మొదటి మాటే చెప్పడం మొదలుపెట్టింది: "అన్నా, మాకు వేరే హాలు దాదాపు ఖాయమైంది. కాగితం కోసం మీ ధర కావాలె. ఇష్టముంటెనే ఇయ్యండి. మా కోసం తారీఖు ఆపొద్దు." కొందరు మారు మాట్లాడకుండా పెట్టేశారు. కొందరు తిట్టారు. పెద్దపల్లిలో ఒకాయన నవ్వి, "ముందుగాల చెప్పినవ్, మంచిదే" అని ధర పంపాడు. పని బరువెక్కింది. మూడు గళ్లు నిండటానికి ఇదివరకు రెండు రోజులు పడితే ఇప్పుడు పది రోజులు పడుతోంది. మమతారాణి విసుక్కుంటూనే ఉంది.

జూన్‌లో మొదటి వానలు పడ్డాక ఒక సాయంత్రం భూమన్న ఫోన్ చేశాడు.

"సిద్దిరాములు వచ్చిండు బిడ్డా. మొన్న ఒకసారి, మల్ల నిన్న. మెట్ల మీద కూసున్నడు. మీ చిన్నమ్మ ఛాయ్ ఇచ్చింది. ఆ ముచ్చట ఆయనా తీయలే, నేనూ తీయలే."

"మంచిగ మాట్లాడుతుండా కాకా?"

"పాత లెక్క కాదు. ఏదో అడ్డమున్నది నడుమ. గని వస్తుండు." కాస్త ఆగి, "చెప్పాలె గదా అని చేసిన" అన్నాడు. ఉంటానని కూడా అనకుండా పెట్టేశాడు.

పద్మలతకు సంతోషంగానే అనిపించింది. ఆ సంతోషం వెనకే, ఆయన ఈసారి 'తిన్నవా' అని అడగలేదన్న సంగతి కూడా తట్టింది. అడగాల్సిన అవసరం ఆయనకు లేదు. ఫోను బల్ల మీద పెట్టి, మంచిర్యాల మీటింగుకు హాళ్ల జాబితా ముందుకు లాక్కుని, మొదటి నంబరు నొక్కింది.